తెలుగు మీడియంలో చదివి టెట్ ఇంగ్లిష్ గ్రామర్ నేర్చుకోవడం: నా అనుభవం

జూన్ చివర్లో పాత టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) ఫలితాలు వచ్చాయి. వారం తిరిగేసరికి, 2024 జులై 2న, కొత్త టెట్ నోటిఫికేషన్ పడింది. పాత పరీక్షలో నేను క్వాలిఫై అయ్యాను. కానీ ఇంగ్లిష్‌లో 30కి 13 వచ్చాయి. తెలుగులో 27. మిగతావి ఫర్వాలేదు. క్వాలిఫై అయినవాళ్లు మళ్లీ రాయడం దేనికని మా అత్తయ్య అడిగారు. టెట్‌లో వచ్చే 150 మార్కుల్ని డీఎస్సీలో, అంటే ప్రభుత్వ టీచర్ పోస్టులు భర్తీ చేసే పరీక్షలో, 20 కింద లెక్కేస్తారు. అంటే టెట్‌లో 15 పెరిగితే డీఎస్సీలో 2 మార్కులు పెరిగినట్టు. మెగా డీఎస్సీ 16,347 పోస్టుల ఫైలు మీద అప్పటికి కొత్తగా సంతకం అయింది. ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులకు రెండు మార్కులంటే ఎన్ని ర్యాంకులు అటూ ఇటూ అవుతాయో రాసినవాళ్లకే తెలుసు. మావారు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేస్తారు. లెక్క విని, "ఈసారి ఆ ఇంగ్లిష్ సంగతి తేల్చెయ్" అన్నారు. 750 కట్టి అప్లై చేశాను.

నాలాగా తెలుగు మీడియంలో పదో తరగతి, ఆపైన డీఎడ్ (టీచర్ ట్రైనింగ్ డిప్లొమా) చదివి, పెళ్లి, పిల్లల తర్వాత మళ్లీ పుస్తకం పట్టినవాళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. టెట్ మొత్తం గురించి కాదు. పార్ట్స్ ఆఫ్ స్పీచ్, సెంటెన్సుల రకాలు, ఈ పేర్లన్నీ నాకు ఎలా అర్థమయ్యాయో అంతవరకే.

ముందు కోచింగ్. గవర్నర్‌పేటలో ఇంగ్లిష్ ఒక్కదానికే బ్యాచ్ ఉంటే 3,500 కట్టి చేరాను. అజిత్ సింగ్ నగర్ నుంచి రోజూ రానూ పోనూ బస్సు ఖర్చు వేరే. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో బేరమాడి రెండు గ్రామర్ గైడ్లు 220కి తీసుకున్నాను. క్లాసులో గది నిండా మనుషులు, ఎక్కువమంది ఆడవాళ్లే. సార్ డిక్టేషన్ చెప్పేవారు. నౌన్ అంటే పేరు, వెర్బ్ అంటే పని, అడ్జెక్టివ్ అంటే గుణం. తర్వాత జాబితాలు. ప్రిపొజిషన్లు ఇవి, కంజంక్షన్లు ఇవి, అడ్వెర్బులు ఇవి. బట్టీ పట్టాం.

బిట్ పేపర్ ఇచ్చేసరికి అసలు కష్టం మొదలైంది. 'హి ఈజ్ ఎ ఫాస్ట్ రన్నర్', 'హి రన్స్ ఫాస్ట్'. రెండింట్లోనూ 'ఫాస్ట్' కింద గీత. జాబితాలో అది అడ్జెక్టివ్ కింద ఒక్కచోటే ఉంది. అడిగితే, "అది ఎక్సెప్షన్ అమ్మా, గుర్తుపెట్టుకోండి" అన్నారు. 'ఫ్రెండ్లీ' చివర 'లీ' ఉన్నా అడ్వెర్బ్ కాదు, అదీ ఎక్సెప్షనే. జులై అయిపోయేసరికి నా నోట్సులో రూల్స్ కంటే ఎక్సెప్షన్లే ఎక్కువ పేజీలు తినేశాయి. పైగా నేను కొన్న రెండు గైడ్లకూ పొసగదు. ఒకటి ఎనిమిది పార్ట్స్ ఆఫ్ స్పీచ్ అంటుంది. ఇంకోటి 'డిటర్మినర్' అని తొమ్మిదోది చేరుస్తుంది. ఒకదాంట్లో వాక్యాలు నాలుగు రకాలు, ఇంకోదాంట్లో 'ఆప్టేటివ్' కలిపి ఐదు. ఏది నమ్మాలి? పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండింటికి ఆ రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకుంటే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. పరీక్ష మొదట ఆగస్టులోనే అన్నారు. అక్టోబర్ 3 నుంచి అని మార్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

మా పిన్ని వాళ్లు సత్యనారాయణపురంలో ఉంటారు. వాళ్ల కింది వాటాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పి రిటైరైన మాస్టారు ఉన్నారు. ఆగస్టు మొదట్లో పిన్ని నన్ను తీసుకెళ్లి పరిచయం చేసింది. ఫీజు వద్దన్నారు. ఆదివారం పొద్దున్నే రమ్మన్నారు. మొదటి రోజు నా గైడు అందుకుని మూసి పక్కన పెట్టారు. పాత క్యాలెండర్ కాగితం ఒకటి చించి వెనక తెల్లగా ఉన్నవైపు తిప్పారు.

"తెలుగులో 27 వచ్చాయటగా అమ్మాయ్. 'పోలీసుల్ని చూసి దొంగ పారిపోయాడు.' ఇది ఏ వాక్యం?"

"సంక్లిష్ట వాక్యం మాస్టారూ. 'చూసి' అసమాపక క్రియ, 'పారిపోయాడు' సమాపక క్రియ."

"భేష్. ఇంగ్లిష్‌లో?"

"'సీయింగ్ ద పోలీస్, ద థీఫ్ ర్యాన్ అవే.' కానీ మాస్టారూ, సంక్లిష్టం అంటే కాంప్లెక్సే కదా. గైడ్లో ఇది సింపుల్ అని ఉంది. ఎందుకో సార్ కూడా చెప్పలేదు."

"ఎందుకంటే అక్కడ నీ అసమాపక క్రియను లెక్కలోకి తీసుకోరు" అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు దారి దొరికింది. తెలుగులో ఒక సమాపక క్రియ, దాని ముందు ఒకటో రెండో అసమాపక క్రియలు ఉంటే సంక్లిష్ట వాక్యం అని స్కూల్లో చదువుకున్నాం. ఇంగ్లిష్‌లో లెక్కపెట్టేది ఫైనైట్ వెర్బులనే, అంటే కాలాన్ని బట్టి మారేవాటినే. ఒక ఫైనైట్ వెర్బ్ ఉంటే ఒక క్లాజు (ఉపవాక్యం). ఎన్ని ఫైనైట్ వెర్బులుంటే అన్ని క్లాజులు. 'సీయింగ్' అలాగే ఉండిపోతుంది, కాలం మారినా మారదు. 'ర్యాన్' ఒక్కటే కాలాన్ని బట్టి 'రన్స్' అవుతుంది, 'విల్ రన్' అవుతుంది. ఒక్క ఫైనైట్ వెర్బ్, ఒక్క క్లాజు, కాబట్టి సింపుల్. అదే దొంగతో మాస్టారు ఇంకో రెండు వాక్యాలు రాయించారు. 'వెన్ హి సా ద పోలీస్, ద థీఫ్ ర్యాన్ అవే' అంటే 'సా', 'ర్యాన్' రెండూ ఫైనైట్, ముందు 'వెన్' ఉంది కాబట్టి మొదటి క్లాజు తనంతట తాను నిలబడలేదు. కాంప్లెక్స్. 'ద థీఫ్ సా ద పోలీస్ అండ్ హి ర్యాన్ అవే' అంటే రెండు క్లాజులూ సమానం, మధ్యలో 'అండ్' కలిపింది. కాంపౌండ్. తెలుగులో అర్థం మాత్రం మూడింటికీ ఒకటే.

తర్వాత సంయుక్త వాక్యం తీశారు. 'రాముడు, లక్ష్మణుడు అడవికి వెళ్లారు.' మన పుస్తకాల ప్రకారం రెండు సామాన్య వాక్యాలు కలిశాయి కాబట్టి సంయుక్తం. ఇంగ్లిష్‌లో 'రామ అండ్ లక్ష్మణ వెంట్ టు ద ఫారెస్ట్'. 'అండ్' కనపడగానే చెయ్యి కాంపౌండ్ వైపు పోతుంది. కానీ వెర్బ్ 'వెంట్' ఒక్కటే. సింపుల్. 'అతడు నటుడు, రచయిత' కూడా అంతే, 'హి ఈజ్ ఎన్ యాక్టర్ అండ్ ఎ రైటర్' సింపులే. తెలుగులో అక్కడ క్రియాపదమే లేదు, ఇంగ్లిష్‌లో 'ఈజ్' లేకుండా వాక్యం నిలబడదు. అన్నిచోట్లా తేడా వస్తుందనీ కాదు. 'వానలు పడితే పంటలు పండుతాయి' మనకు సంక్లిష్టం. 'ఇఫ్ ఇట్ రెయిన్స్, ద క్రాప్స్ గ్రో' వాళ్లకూ కాంప్లెక్సే. మన 'పడితే' అసమాపకమే అయినా, వాళ్లు అక్కడ 'రెయిన్స్' అనే పూర్తి ఫైనైట్ వెర్బ్ వాడతారు కాబట్టి.

ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ కిటికీలోంచి కనిపించిన ప్రతి బోర్డు మీదా ఫైనైట్ వెర్బ్ వెతికాను. చాలా బోర్డులకు వెర్బే లేదు. ఎన్నో ఏళ్లుగా ఇంగ్లిష్ నాకు రాదనే అనుకుంటూ బతికాను. నాకు వచ్చిన తెలుగు వ్యాకరణమే మెట్టు అవుతుందని ఎవరూ చెప్పలేదు. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

వాక్యాల్లో రెండో విభజన, అంటే ప్రశ్న, ఆజ్ఞ, ఆశ్చర్యం, మామూలు మాట, ఇది తొందరగానే తేలింది. అయినా టెట్ రాసేవాళ్లు ఒకటి పట్టించుకోవాలి. తెలుగులో పేరు అర్థాన్ని బట్టి పెడతాం. 'నువ్వు లోపలికి రావచ్చు' అనుమత్యర్థకం. 'నేను ఈ పని చేయగలను' సామర్థ్యార్థకం. 'రేపు వాన పడవచ్చేమో' సందేహార్థకం. ఇంగ్లిష్‌లో ఈ మూడూ ఒకటే రకం, డిక్లరేటివ్. కొన్ని గైడ్లు దాన్నే అసెర్టివ్ అంటాయి. అక్కడ ముందు చూసేది వాక్యం కట్టుబడిని. సబ్జెక్టు ముందు, వెర్బ్ తర్వాత ఉంటే డిక్లరేటివ్. 'దయచేసి తలుపు వెయ్యండి' మనకు ప్రార్థనార్థకం, 'అల్లరి చెయ్యొద్దు' నిషేధార్థకం. వాళ్లకు రెండూ ఇంపరేటివే. 'నిండు నూరేళ్లు వర్ధిల్లు' లాంటి ఆశీరర్థకం దగ్గరే గైడ్ల గొడవ వచ్చేది. 'మే యు లివ్ లాంగ్' లాంటి వాక్యానికి పాత పద్ధతి గైడ్లు ఆప్టేటివ్ అని వేరే పేరు పెడతాయి, నాలుగే రకాలనే పుస్తకాలు దాన్ని విడిగా చూపించవు. మాస్టారు చెప్పింది ఒక్కటే: ఆప్షన్లలో ఆప్టేటివ్ ఉంటే ఆ పుస్తకం లెక్కలో అడిగారని అర్థం, పెట్టెయ్. లేకపోతే దాని జోలికి పోకు.

పార్ట్స్ ఆఫ్ స్పీచ్‌కి ఇంకా ఎక్కువ ఆదివారాలు పట్టాయి. పదానికి సొంతంగా పేరు ఉండదు, వాక్యంలో చేసే పనిని బట్టే పేరు వస్తుందని ఆయన మొదటే చెప్పేశారు. 'ఆఫ్టర్' ఒక్కటి తీసుకుని మూడు వాక్యాలు. 'ఆఫ్టర్ లంచ్' అన్నప్పుడు వెనక నౌన్ ఒక్కటే ఉంది, ప్రిపొజిషన్. 'ఆఫ్టర్ షి లెఫ్ట్' అన్నప్పుడు వెనక సబ్జెక్టు, వెర్బ్ రెండూ ఉన్నాయి, కంజంక్షన్. 'హి కేమ్ సూన్ ఆఫ్టర్' అన్నప్పుడు వెనక ఏమీ లేదు, అడ్వెర్బ్. కాబట్టి పదాన్ని చూడకుండా దాని వెనక ఏముందో చూడమన్నారు. 'ఫాస్ట్' సంగతీ ఇలాగే విడిపోయింది. 'ఫాస్ట్ రన్నర్'లో వెనక నౌన్ ఉంది, 'రన్స్ ఫాస్ట్'లో ముందున్న వెర్బ్ గురించి చెబుతోంది. ఎక్సెప్షన్ అనే మాటే అక్కర్లేదు.

'మై' దగ్గర చాలాసేపు ఆగాం. తెలుగులో 'నేను' సర్వనామం కాబట్టి 'నా' కూడా సర్వనామమే అని మనసు అంటుంది. 'మై బుక్'లో 'మై' తీసేసి 'ద' పెట్టి చూడమన్నారు. 'ద బుక్' సరిపోయింది. 'దిస్ బుక్' సరిపోయింది. నౌన్ ముందు ఆ సీట్లో కూర్చునేవాటినే కొత్త పుస్తకాలు డిటర్మినర్ అంటాయి, పాతవి పొసెసివ్ అడ్జెక్టివ్ అంటాయి. 'మైన్' అలా కాదు, 'దిస్ బుక్ ఈజ్ మైన్' అని ఒంటరిగా నిలబడుతుంది, అది ప్రొనౌన్. నా రెండు గైడ్లకూ ఎందుకు పొసగలేదో అప్పుడు తెలిసింది. రెండూ తప్పు కాదు, పాత లెక్క ఒకటి, కొత్త లెక్క ఒకటి.

తెలుగువాళ్లు తప్పకుండా ఆగి చూడాల్సింది 'గా' దగ్గర. 'ఆమె అందంగా పాడింది', 'ఆమె అందంగా ఉంది'. మనకు రెండుచోట్లా 'అందంగా'నే. ఇంగ్లిష్‌లో మొదటిది 'షి స్యాంగ్ బ్యూటిఫుల్లీ', అడ్వెర్బ్. రెండోది 'షి ఈజ్ బ్యూటిఫుల్', అడ్జెక్టివ్. 'ఈజ్', 'లుక్స్', 'సీమ్స్' లాంటి వెర్బుల తర్వాత వచ్చే మాట పని ఎలా జరిగిందో చెప్పదు, సబ్జెక్టు ఎలా ఉందో చెబుతుంది. అందుకే అక్కడ అడ్జెక్టివ్ వస్తుంది. ఎర్రర్ ఐడెంటిఫికేషన్ బిట్లలో 'షి లుక్స్ బ్యూటిఫుల్లీ' లాంటివి మనల్ని ఉద్దేశించి పెట్టినట్టే ఉంటాయి. నౌన్లు, ఇంటర్జెక్షన్లు నాకు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, వాటి గురించి రాయను.

ఆగస్టు 31 అంతా వాన. సెప్టెంబర్ 1 ఆదివారం నాడు బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి వచ్చేశాయి. మాది గ్రౌండ్ ఫ్లోర్. పిల్లల్ని, అత్తయ్యను పైన ఓనర్ల వాటాలోకి చేర్చేసరికి కింద మంచం మునిగింది. కరెంటు లేదు, తాగే నీళ్లు లేవు. డ్రోన్లతో డాబాల మీదికి పొట్లాలు పంపిస్తుంటే మా చిన్నోడు చప్పట్లు కొట్టాడు, మా అత్తయ్య ఏడ్చారు. పడవ దొరికాక సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా వచ్చి, అక్కడినుంచి పిన్ని వాళ్లింటికి చేరాం. నీళ్లు తీసి, బురద ఎత్తి, ఇల్లు మళ్లీ ఇల్లు అయ్యేసరికి సెప్టెంబర్ సగం దాటింది. గైడ్లు, కోచింగ్ మెటీరియల్, నోట్సులు అన్నీ ముద్దయిపోయాయి. కోచింగ్‌లో మెటీరియల్ మళ్లీ కావాలంటే జిరాక్స్ డబ్బులు కట్టమన్నారు. ఆ మాటకు నాకు చాలా బాధేసింది. క్లాసులో సగంమందిమి ముంపు ప్రాంతాలవాళ్లమే. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన 25 వేలు స్టవ్‌కీ పరుపులకీ బియ్యానికీ సరిపోలేదు. పుస్తకాల మాట ఎత్తలేక ఊరుకున్నాను.

పిన్ని వాళ్లింట్లో కొత్త నోట్సు ఒకటి తీసుకుని, గుర్తున్నదంతా రాయడానికి కూర్చున్నాను. బట్టీ పట్టిన జాబితాల్లో సగం కూడా రాలేదు. మాస్టారి దగ్గర చేసిన వాక్యాలు మాత్రం ఒక్కొక్కటే వచ్చేశాయి, ఎందుకు అలా అయిందో కారణంతో సహా. ఇక ఆ పద్ధతే పట్టుకున్నాను. పొద్దున పిల్లల్ని బడికి పంపి ఠాగూర్ గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. ఇంగ్లిష్ పేపర్ తీసి ఒక వార్త నా నోట్సులో ఎక్కించుకుని, ఫైనైట్ వెర్బుల కింద పెన్సిల్‌తో గీత గీసి, క్లాజులు విడగొట్టేదాన్ని. పేపర్లో వాక్యాలు గైడ్లో ఉన్నట్టు చిన్నగా ఉండవు. ఒక్కోదానికి పది నిమిషాలు పట్టేది. నాలుగైదు రోజులకు వేగం వచ్చింది. చదవడానికి వచ్చేవాళ్లలో డీఎస్సీవాళ్లే ఎక్కువ, పదిన్నర దాటితే కుర్చీ దొరకదు.

సెప్టెంబర్ 22న హాల్ టికెట్లు వచ్చాయి. నాకు కృష్ణ అవతల, గుంటూరు వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ పడింది, మధ్యాహ్నం సెషన్. దసరా రోజులు. దుర్గమ్మ కొండకు వచ్చే జనంతో బస్టాండు కిటకిటలాడిపోతోంది. రెండున్నరకు పరీక్ష అయితే పదకొండుకే బయల్దేరాను, అదే మంచిదైంది. వారధి మీద బస్సు చాలాసేపు కదల్లేదు. గేటు దగ్గర చెవి కమ్మలు తీయించారు, వాచీ తీయించారు. ఇంటి నుంచే పెట్టుకోకుండా వెళ్లండి. రఫ్ కాగితం వాళ్లే ఇస్తారు.

కంప్యూటర్ మీద 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. ఇంగ్లిష్ 30లో 24 గ్రామర్, కాంప్రహెన్షన్ లాంటివి, 6 బోధన పద్ధతులు. తెలుగు విభాగం అయిపోగానే వెంటనే ఇంగ్లిష్ ఉంటుంది. దీనికి ముందే ఒక ఉపాయం అనుకుని వెళ్లాను. తెలుగులో సంక్లిష్టం, సంయుక్తం అని గుర్తులు పెట్టిన చెయ్యి అదే ఊపులో ఇంగ్లిష్‌లో కాంప్లెక్స్, కాంపౌండ్ అని పెట్టేస్తుంది. అందుకని తెలుగు తర్వాత లెక్కలు, ఆ తర్వాత ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) చేసి, చివర్లో ఇంగ్లిష్ తెరిచాను. రఫ్ కాగితం మీద ప్రతి వాక్యానికీ ఫైనైట్ వెర్బులు మాత్రం రాసుకున్నాను. 'హ్యావింగ్' అని మొదలయ్యే వాక్యం ఒకటి వచ్చింది, సింపుల్ పెట్టాను. గీత గీసిన పదం ఏ పార్ట్ ఆఫ్ స్పీచ్ అని అడిగినచోట దాని వెనక ఏముందో చూసి పెట్టాను. ఇడియమ్స్ రెండు అస్సలు తెలియలేదు, ఊహించి పెట్టాను. అరగంటలో ఇంగ్లిష్ అయిపోయింది. పాత పరీక్షలో ఆ విభాగానికి గంట పట్టింది.

కీ వచ్చాక చూసుకున్నా నమ్మకం కలగలేదు. నవంబర్ 4న ఫలితాలు వచ్చాయి. ఇంగ్లిష్‌లో 30కి 25. మావారు ఆటోనగర్ నుంచి ఫోన్లో మార్కు రెండుసార్లు చెప్పించుకున్నారు. సాయంత్రం స్వీట్ ప్యాకెట్ తీసుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఒక ముక్క తీసుకుని, పోయిన ఐదూ ఎక్కడ పోయాయని అడిగారు. ఇడియమ్స్‌లో, ప్యాసివ్ వాయిస్‌లో అని చెప్పాను.

2024 చివర్లో ఇది రాసేనాటికి డీఎస్సీ నోటిఫికేషన్ ఇంకా రాలేదు, దానికోసం ఎదురుచూస్తున్నాను. వచ్చే ఆదివారం నుంచి ప్యాసివ్ వాయిస్ మొదలు. కర్తరి, కర్మణి వాక్యాలు తెలుగులో చదివే ఉన్నాం కదా, మన ఇళ్లల్లో మాట్లాడుకునేటప్పుడు '-బడు' ఎన్నిసార్లు వాడతామో వారమంతా విని రాసుకు రమ్మన్నారు. ఇవాళ్టిదాకా నా నోట్సులో ఒక్కటే పడింది, అదీ మున్సిపాలిటీ బోర్డు మీద చూసింది.